అందరికీ ఒకే పచ్చదీపం

పుష్య బహుళ ద్వాదశి

పొద్దున్నే తీర్పరి పళ్లెం స్పిరిట్‌తో తుడిచాను. సూది మార్చాను. దీపాలు రెండూ వెలుగుతున్నాయో లేదో చూశాను. ఆస్పత్రి గడప పక్కన ఉండే ఈ పెట్టెకు మా కొత్తలంక జనం పెట్టుకున్న పేరు తీర్పరి. వేలు పెడితే ఒక్క చుక్క నెత్తురు తీసుకుంటుంది. చక్కెర జబ్బు లేకపోతే పచ్చదీపం, ఉంటే ఎర్రదీపం. ఈ లంక నీటి మీద తేలడం మొదలైనప్పటి నుంచీ అదే పెట్టె, పచ్చకూ ఎర్రకూ మధ్య అదే గీత. ఎవరి ముఖమూ చూడకుండా తీర్పు చెబుతుందని మా వాళ్లకు గర్వం.

ఈరోజు లోతుగూడు జట్టు వచ్చింది. తుఫానుల కాలం ముగిసింది కాబట్టి అరిగిపోయిన లంగరు తాళ్లు బాగుచెయ్యాలి. మాఘ శుద్ధ అష్టమికి, పోటు మెత్తబడినప్పుడు, ఐదుగురు గూడు అనే ఇనుప గదిలో సముద్రం అడుగుకు దిగుతారు. నాలుగు నెలలు అక్కడే. మధ్యలో రావడం కుదరదు. పైకి రావాలంటే గూట్లో గాలి ఒత్తిడి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వారం రోజులు ఆగాలి. తొందరపడితే నెత్తుట్లో బుడగలు కట్టి మనిషి దక్కడు. అందుకే ఎర్రదీపం వెలిగినవాళ్లు జన్మలో మళ్లీ దిగకూడదని నియమం.

ఐదుగురికీ పచ్చే వెలిగింది.

ఈసారి జట్టుకు మేస్త్రి జోగక్క. పదిహేనేళ్లు ఒకరి కింద పనిచేసి, ఇప్పటికి మేస్త్రి అయింది. నాకు ఈత నేర్పింది ఆవిడే. నీటి నడకలకు పేర్లు నేర్పిందీ ఆవిడే. పైనీరు ఒకవైపు, అడుగునీరు ఇంకోవైపు లాగితే దాన్ని ఎదురుపాయ అంటారని చెప్పినరోజు ఆ మాటను నోట్లో బిళ్లలా చప్పరిస్తూ తిరిగాను.

దీపం చూసుకుని జోగక్క కుండ దగ్గరకెళ్లి చెంబు మీద చెంబు తాగింది.

"ఏమే నూకీ, నీళ్లలో ఉప్పేమైనా కలిపారా? ఎంత తాగినా దాహం తీరదేం?"

"ఉప్పు నీ నోట్లోనే ఉందక్కా. పొద్దున్నుంచీ ఎంతమందిని తిట్టావు?"

పగలబడి నవ్వింది. నవ్వుతూ నడుముకున్న పట్టా పైకి లాక్కుంది. ఆ పట్టాకు కొత్తగా రెండు కన్నాలు పొడిచి ఉన్నాయి. మడమ మీద గుల్ల కోసిన గాయం ఉంది. అది దీపావళికి ముందు తగిలింది, నేనే కట్టు కట్టాను. ఇంకా పచ్చిగానే ఉంది.

రహెలా మేడం మా ఆస్పత్రికి ఉన్న ఒకే ఒక్క డాక్టరు, నాకు గురువు. ఆవిడతో చెప్పాను. "దాహం, ఒళ్లు తగ్గడం, మానని పుండు. పుస్తకంలో మూడూ ఒకే పేజీలో ఉన్నాయి మేడం."

"దీపం?"

"పచ్చ. మళ్లీ పెట్టించాను. మళ్లీ పచ్చే."

"తీర్పరి తప్పని తీర్పరినే అడిగితే ఒప్పుకుంటుందా? వేరే కొలతేదైనా తీసుకురా, అప్పుడు మాట్లాడదాం. ఇంకో సంగతి. ఈ రోజువారీ పుస్తకంలో చూసింది రాయి, అనుకున్నది కాదు."

చూసిందే రాశాను మేడం. బిళ్ల సంగతి తప్ప.

బహుళ త్రయోదశి

వేరే కొలత లంకలో లేదు. అందుకని అసలు తీర్పరి దేన్ని కొలుస్తుందో చదివాను.

నెత్తుట్లో ఎర్రకణం మూడు నెలలకు పైగా బతుకుతుంది. బతికినన్నాళ్లూ ఒంట్లో తిరిగే చక్కెర దానికి అంటుకుంటూ ఉంటుంది. ఎంత అంటుకుందో చూస్తే గడిచిన మూడు నెలల్లో ఒంట్లో చక్కెర ఎంత తిరిగిందో తెలుస్తుంది. పరగడుపున రానక్కర్లేదు, కషాయాలు తాగనక్కర్లేదు, ఒక్క చుక్క చాలు. తీర్పరి చేసే పని అదే.

మరి ఎర్రకణం మూడు నెలలు బతక్కపోతే?

వంటశాలలో మా పిన్ని కట్టుకునే పైగుడ్డ గుర్తొచ్చింది. నెలంతా ఒకటే కట్టుకుంటే మరకలు చూసి ఎంత వంట వండిందో చెప్పొచ్చు. వారానికో కొత్తది కట్టుకుంటే? గుడ్డ తెల్లగా ఉందని వంటే చెయ్యలేదంటామా?

తర్వాతి పేజీలో ఉంది అసలు విషయం. జ్వరాల దోమలున్న అడవుల్లో, చిత్తడి నేలల్లో తరతరాలు బతికినవాళ్లలో కొందరి ఎర్రకణాలు పుట్టుకతోనే వేరుగా ఉంటాయి. ఆ జ్వరం నుంచి వాళ్లను కాపాడిన గుణమే అది. కానీ అలాంటి కణాల్లో కొన్ని రకాలు త్వరగా రాలిపోతాయి. వాళ్ల ఒంట్లో చక్కెర ఎంతున్నా ఇలాంటి పరీక్షలో తక్కువే కనిపిస్తుంది. అందరికీ ఒకే గీత పెట్టకూడదని స్పష్టంగా రాసి ఉంది. జబ్బు పేరు మధుమేహం అని రాశారు. ఇంత చేదు జబ్బుకు తేనె పేరు పెట్టినవాళ్లెవరో.

పుస్తకం మూసి పరుగెత్తాను. అక్కడే తప్పు చేశాను.

తాళ్ల షెడ్డులో జోగక్క, జట్టంతా కూర్చుని తాళ్లు పేనుతున్నారు. ఊపిరి తీసుకోకుండా అడిగేశాను. "అక్కా, మీ పాతవాళ్లు ఎక్కడివాళ్లు? అడవుల్లో ఉండేవాళ్లా?"

చేతులన్నీ ఆగిపోయాయి. మా లంకలో ఇంటిపేర్లు లేవు. ఎక్కడివాళ్లని ఎవరూ ఎవర్నీ అడగరు. దాన్ని అడగనిమాట అంటారు. పిల్లలు పొరపాటున అంటే నోటి మీద కొడతారు. నేను పిల్లను కాదు, పద్దెనిమిది నిండాయి.

"ఏం మాటది!" అన్నాడు జట్టులో రెండోవాడు తాతబ్బాయి, పేనుతున్న తాడు కింద పడేసి.

జోగక్క నా వైపు చూడలేదు. "పని కానివ్వండి. అది పుస్తకాలు చదివి చెడిపోయింది. నువ్వు పోవే ఇక్కణ్ణుంచి."

బహుళ చతుర్దశి

లంకపెద్ద బాలకోటమ్మగారు పిలిపించారు. కేకలేస్తారనుకున్నాను. కూర్చోమన్నారు.

"అడగనిమాట ఎందుకు పెట్టుకున్నామో తెలుసా?"

"అందరూ ఒకటని, అమ్మగారూ."

"అది బళ్లో చెప్పే మాట. అసలు సంగతి విను. తీరాలు మునిగి తలొక చోటి నుంచీ జనం ఈ లంక ఎక్కారు. మొదటి ఏడాది మంచినీళ్లు చాల్లేదు. పీపా దగ్గర ఒకడు నిలబడి ఎక్కడివాళ్లని అడిగి పోసేవాడు. మా వరస వచ్చేసరికి పీపా అడుగంటేది. మా చెల్లెలు ఆ వరసలోనే నా చెయ్యి పట్టుకుని పోయింది. ఆ తర్వాత ప్రమాణం చేశాం, ఆ మాట ఇక ఎవరూ అడగరాదని. తీర్పరికి అందరికీ ఒకే గీత పెట్టిందీ అందుకే."

"ఒకే గీత పెట్టడం న్యాయమే అమ్మగారూ. కానీ ఆ గీత కొందరికి అబద్ధం చెబుతోందేమో. జోగక్క ఆ అబద్ధంతో దిగిపోతుందేమో."

"చెబుతోందని తెలుసా, అనుకుంటున్నావా?"

"అనుకుంటున్నాను."

"అయితే అనుకోవడం తగ్గేదాకా ఆస్పత్రి గడప తొక్కకు. విదియ వరకూ సారా షెడ్డులో పనిచెయ్యి."

సాయంత్రం రహెలా మేడం మా ఇంటికొచ్చింది. తిట్లకు సిద్ధపడ్డాను. ఆవిడ పీట లాక్కుని కూర్చుంది.

"నీ చదువు తప్పు కాదు. నీ ప్రశ్న తప్పు. అడగనిమాట అన్న సంగతి పక్కన పెట్టు, వైద్యంగానే తప్పు. నన్నడుగు, చెబుతాను. మా నాన్నమ్మది ఒక తీరం, తాతది ఇంకో తీరం, మా అమ్మ పుట్టింది పడవలో. నాకు ఏ గీత గీస్తావు?"

"తెలీదు మేడం."

"జోగు మాత్రం ఏం చెబుతుంది? మూడు తరాలు కలిసిపోయాక మనిషికి తెలిసింది సగం, మరిచిపోయింది సగం. అడవి అని చెప్పినంత మాత్రాన ఆ గుణం ఉన్నట్టూ కాదు, చెప్పకపోతే లేనట్టూ కాదు. మనిషి ఎక్కడి నుంచి వచ్చిందో మనకెందుకు? ఒంట్లో చక్కెర ఎంతుందో తెలిస్తే చాలదూ?"

"దాన్ని కొలిచేది లేదు కదా మేడం."

"లేదు," అంది. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "వెతకలేదు కూడా. పెట్టె ఉందిగదా అని నేనూ వెతకలేదు."

పుష్య అమావాస్య

సారా షెడ్డు అంటే దాన్ని నడిపే రకోటు బాబాయికి కోపం. "సారా కాదమ్మా, స్పిరిట్! మీ ఆస్పత్రిలో మీరు చేతులు కడుక్కునేది, మీ వంటశాలలో మంట వెలిగేది ఇదే. తాగేవాళ్లు తాగితే అది నా తప్పా?" అన్నాడు. ఆయన పక్కన నిలబడితే చాలు, తల తిరిగేంత పులిసిన వాసన.

పని ఇది. సముద్రపు నాచును ఉడికించి తీపినీరు తీస్తారు. దాన్ని తొట్లలో పులియబెడతారు. తీపి ఎంత మిగిలిందో చూస్తూ ఉండాలి. తీపి మొత్తం పోతే పులిసినట్టు.

"ఎలా చూస్తావు బాబాయ్? నాలుక మీద వేసుకునా?"

"నాలుక మీద వేసుకుంటే మధ్యాహ్నానికి నన్ను మోసుకుపోవాలి." గోడకున్న కొలతపెట్టె చూపించాడు. ఒక పలక మీద చుక్క వేస్తే అంకె చూపిస్తుంది. "ఇది చక్కెరలన్నిట్లోనూ ఒక్కదాన్నే పట్టుకుంటుంది. గ్లూకోజు. పులిసేది అదే కదా."

నా చేతిలో ఉన్న గరిటె తొట్లో పడిపోయింది.

"బాబాయ్, దీన్లో నెత్తురు వేస్తే?"

"నన్ను పులియబెడతావా ఏంటి?" అన్నాడు కానీ చెయ్యి చాపాడు.

నెత్తురు వేస్తే పలక మీద చిక్కబడి అంకె రాలేదు. కాసేపు ఏడుపొచ్చింది. తర్వాత ఈస్టును అడుక్కు దించడానికి వాళ్లు వాడే గిరగిర తిప్పే యంత్రం కనిపించింది. నా నెత్తురు కొంచెం సన్నటి గొట్టంలో తీసి తిప్పాను. ఎర్రకణాలు కిందికి దిగి, పైన లేత పసుపు నీరు తేరింది. తేరడం ఎంత మంచి మాట. మడ్డి దిగిపోయి, తెలియాల్సింది పైకి రావడం.

ఆ నీటి చుక్క వేశాను. అంకె వచ్చింది, 88.

మాఘ శుద్ధ పాడ్యమి

ఒక్క అంకె చూసి సంబరపడితే రహెలా మేడం వదలదు. ఈరోజంతా సరిచూశాను. గ్లూకోజు తూచి, ఇంత నీళ్లలో ఇంత అని లెక్కగా కలిపి, పెట్టె సరిగ్గా చెబుతుందో లేదో చూశాను. తక్కువ పాళ్లలో కొంచెం తడబడింది, ఎక్కువ పాళ్లలో నిక్కచ్చిగా చెప్పింది. రకోటు బాబాయి పరగడుపున ఒకసారి, గంజి తాగిన రెండు గంటలకు ఒకసారి చుక్క ఇచ్చాడు. ఎక్కాల్సినంత ఎక్కి, దిగాల్సినంత దిగింది.

"నా నెత్తురు మా సరుకంత బాగుందా?" అన్నాడు.

"సరుకు కంటే తక్కువ తీపి బాబాయ్. సంతోషించు."

శుద్ధ విదియ

శిక్ష ముగిసింది. కొలతపెట్టె సంకన, తిప్పే యంత్రం నెత్తిన పెట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను. రహెలా మేడం నా కాగితాలన్నీ చదివింది. తన నెత్తురు తనే తీసి, తిప్పి, తేరిన చుక్క మూడుసార్లు వేసింది. ఆ తర్వాత తీర్పరి వైపు చాలాసేపు చూసింది.

"ఇన్నేళ్లుగా కొన్ని కేసులు నాకు అర్థం కాలేదు నూకరత్నం. పచ్చ వెలిగినవాళ్లకు కళ్లు మసకబారడం, కాలి వేళ్లు పోవడం. వయసు అనుకున్నాను." కాగితాలు మడిచి నాకిచ్చింది. "సరే. జట్టు మొత్తాన్ని పిలువు. పరగడుపున రమ్మను. ఒక్కరినే పిలిస్తే వేలెత్తి చూపినట్టు ఉంటుంది."

శుద్ధ చవితి

జట్టులో నలుగురొచ్చారు. తాతబ్బాయి అడగనిమాట కోపంతో మాట్లాడకుండా చెయ్యి చాపాడు. నలుగురికీ మామూలుగా ఉంది. జోగక్క రాలేదు.

నేనే వెళ్లాను. రేవు చివర ఒక్కతే కూర్చుని డైవింగు టోపీకి రబ్బరు మారుస్తోంది. పక్కన నీళ్ల డబ్బా ఉంది, సగం ఖాళీ.

"నా వేలు ఒకసారి ఇచ్చాను. పచ్చ వెలిగింది. దాన్ని ఆర్పడానికి వచ్చావా?"

"అడగనిమాట అడిగినందుకు క్షమించక్కా. అది తప్పే. ఇప్పుడు ఏమీ అడగను. పరగడుపున ఒక చుక్క, తీపినీళ్లు తాగాక ఒక చుక్క. అంతే."

"ఎర్రయితే?"

ఎర్రయినవాళ్లు జన్మలో దిగకూడదు. ఆ నియమం నా చేతిలో లేదు.

"చూశావా, మాట రాలేదు నీకు. మాటల పిచ్చిదానివి, నీకే మాట రాలేదు." టోపీ ఒళ్లో పెట్టుకుంది. "పదిహేనేళ్లు నూకీ. ఒకడు పడుకుంటే వాడి పని నేను చేశాను, ఒకడు భయపడితే వాడి తాడు నేను పట్టుకున్నాను. మేస్త్రీ అనిపించుకోవడానికి. దాహం వేస్తుంది, నిజమే. రాత్రి నాలుగుసార్లు లేస్తున్నాను, అదీ నిజమే. దిగాక అవే సర్దుకుంటాయి."

"సర్దుకోకపోతే?"

"పోతాను. నా ఇష్టం."

"నువ్వొక్కదానివే అయితే నీ ఇష్టం."

నా వైపు తిరిగింది. భయమేసింది కానీ ఆపలేదు. "నువ్వు దిగేటప్పుడు లోతు ఎన్ని కొలతపెట్టెలతో చూస్తావక్కా?"

"రెంటితో."

"ఒకటి సరిపోదా? కొత్తది, మెరుస్తూ ఉంటుంది, ఎప్పుడూ తప్పు చెప్పలేదు."

"రెండూ ఒకే అంకె చెప్పకపోతే దిగం. పిల్లలకు కూడా తెలుసు. నేనే నేర్పాను వాళ్లకు."

"తాతబ్బాయి ఒక్కదాన్నే చూసి, పచ్చగా ఉంది దిగుదాం పదండి అంటే?"

"చెవి మెలిపెట్టి పైకి..." ఆగిపోయింది.

టోపీ పక్కన పెట్టి, నా నెత్తిన గట్టిగా ఒక మొట్టికాయ వేసింది.

"నీకు మాట్లాడటం నేర్పింది నేనే. నా ఖర్మ." లేచింది. "రేపు పొద్దున వస్తాను. నాతో పాటు ఆ బాలకోటమ్మగారిని కూడా రమ్మను. ఎర్రయినా పచ్చయినా చాటుగా వద్దు."

శుద్ధ పంచమి

ఆస్పత్రి గడప ముందు నిలబడటానికి చోటు లేదు. చాటుగా వద్దన్నది జోగక్కే, ఇప్పుడు జనాన్ని చూసి "తిరునాళ్లా ఇది? పనుల్లేవా?" అని కసురుతోంది.

ముందు తీర్పరి మీద వేలు పెట్టింది. పచ్చ.

తర్వాత నేను నెత్తురు తీశాను. మొదటి పోటుకే చాలినంత వచ్చింది, అది ఇక్కడ రాసుకోవడం తప్పు కాదనుకుంటాను. పరగడుపు అంకె 171. రహెలా మేడం తీపినీళ్ల గ్లాసు ఇచ్చింది. రెండు గంటలు జోగక్క బల్ల మీదే కూర్చుంది, నేను పక్కన కూర్చున్నాను. రెండో అంకె 296, రెండు వందలు దాటితేనే జబ్బు. అది చూసి మళ్లీ ఒకసారి తీర్పరి మీద వేలు పెట్టమన్నారు బాలకోటమ్మగారు.

పచ్చ.

రహెలా మేడం సూక్ష్మదర్శిని బల్ల మీదికి తెచ్చింది. ఒక నీలిరంగు వేస్తే అప్పుడే పుట్టిన ఎర్రకణాల్లో సన్నటి దారపు పోగుల్లాంటివి కనిపిస్తాయి. ముందు నా నెత్తురు చూపించింది. పోగులున్న కణాలు వెతికితే ఒకటీ అరా. తర్వాత జోగక్కది. ఎక్కడ చూసినా పోగులే.

"ఈమె ఒంట్లో ఎర్రకణాలు త్వరగా రాలిపోతున్నాయి. వాటి చోట కొత్తవి పుడుతున్నాయి. చక్కెర అంటుకునేంత కాలం ఏ కణమూ బతకడం లేదు. తీర్పరి చూసేది ఆ కొత్త కణాల్ని. అందుకే పచ్చ," అంది మేడం. "ఇది తెలుసుకోవడానికి ఈమె ఎక్కడి మనిషో నేను అడగలేదు. నెత్తుర్నే అడిగాను."

బాలకోటమ్మగారు సూక్ష్మదర్శిని మీద నుంచి తల ఎత్తలేదు. అలాగే వంగి ఉండి అడిగారు. "డాక్టరమ్మా, తప్పు ఒక్క వైపేనా?"

"కాదు. నెత్తుట్లో ఇనుము తక్కువైనవాళ్లకు కణాలు ముసలివై ఎక్కువ రోజులు తిరుగుతాయి. చక్కెర ఎక్కువ అంటినట్టు కనిపిస్తుంది. ఎర్రదీపం వెలిగి దిగడం మానేసిన ఆడపిల్లల్లో ఎంతమందికి అసలు జబ్బే లేదో నాకు తెలియదు."

"మా ఆయనకు చివరిదాకా పచ్చే వెలిగింది," అన్నారు బాలకోటమ్మగారు. "చూపు పోయాక, పచ్చ వెలిగిందా అని నన్నడిగి తెలుసుకునేవాడు. వెలిగిందని చెబితే సంతోషించేవాడు."

జోగక్క బల్ల మీద నుంచి దిగి, తన పక్కనున్న చెంబు ఆవిడకు అందించింది.

శుద్ధ సప్తమి

సభ పెట్టారు. గొడవ నేననుకున్నట్టే జరిగింది. తీర్పరిని తీసెయ్యాలని కొందరు. ఒక్కొక్కరికి ఒక్కో కొలతంటే మళ్లీ పీపా దగ్గర వరసలు మొదలవుతాయని కొందరు. ఒక ముసలాయన కర్ర నేలకేసి కొట్టి, "ఇవాళ నెత్తురు వేరంటారు, రేపు నీళ్లు వేరంటారు!" అన్నాడు.

నన్ను మాట్లాడమన్నారు. రాసుకున్న మంచి మంచి మాటలన్నీ మరిచిపోయాను. ఇంతే చెప్పాను. "తాతా, వరస ఒకటే. గ్లాసు ఒకటే. అందరూ పరగడుపున రావాలి, అందరూ అదే తీపినీళ్లు తాగాలి. ఎవర్నీ ఏమీ అడగం. తీర్పరి ఒక మాట చెబుతుంది, గ్లాసు ఇంకో మాట చెబుతుంది. రెండూ ఒకటైతే ఇంటికి. కాకపోతే నెత్తురు చూస్తాం. ఎవరిదైనా సరే."

"నాది కూడానా?"

"ముందు మీదే."

ఎవరో నవ్వారు. ముసలాయన కూడా మీసంలో నవ్వాడు.

గ్లాసు పరీక్ష ఖాయమైంది. ఎర్రదీపం నియమం దగ్గరకొచ్చేసరికి మళ్లీ గొడవ. జబ్బు తెలిసి, మందు వాడి, అంకె అదుపులో ఉన్నవాళ్లు దిగొచ్చని రహెలా మేడం వాదించింది. తెలియకుండా దిగడమే ప్రమాదమంది. చేతులెత్తమన్నారు. కొద్ది చేతుల తేడాతో నెగ్గింది.

"అయితే జోగు రేపు దిగొచ్చా?" అన్నారు బాలకోటమ్మగారు.

రహెలా మేడం నోరు తెరిచింది. ఆవిడ కంటే ముందు జోగక్క లేచింది. మెడలో ఉన్న మేస్త్రి ఈల తీసి, నడుచుకుంటూ వెళ్లి తాతబ్బాయి మెడలో వేసింది. వాడు వద్దంటూ వెనక్కి జరిగాడు.

"మడమ పచ్చిగా ఉంది. నిన్న మొదలుపెట్టిన మాత్ర ఇంకా పనిలో పడలేదు. ఇలాంటి మనిషి నా జట్టులో ఉంటే నేను దించను," అంది. "ఇది మేస్త్రిగా నా మొదటి మాట. తాతబ్బాయ్, నీ ఎడమ చేతి ముడి ఎప్పుడూ వదులే, అక్కడ చూసుకో."

తర్వాత బయటికి వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్లలేదు. వెళ్లాలనిపించింది, కానీ ఆ నడక ఒంటరిగా ఉండాలనుకునే మనిషి నడక.

మాఘ శుద్ధ అష్టమి

తెల్లవారగానే నలుగురూ గూట్లోకి ఎక్కారు. తలుపు బయటి నుంచి బిగించేది లంక మీద ఉండిపోయే మనిషి. జోగక్కే బిగించింది. ఒక్కో మరనూ తిప్పి, మళ్లీ వెనక్కి వచ్చి ఒక్కో మరనూ తట్టి చూసింది. గొలుసు కదిలింది. గూడు నీళ్లలోకి దిగుతుంటే పైన పచ్చటి నురగ తేలి విడిపోయింది.

మధ్యాహ్నానికి అడుగు తగిలిందని తాతబ్బాయి తీగ మీద చెప్పాడు. మాట్లాడే గొట్టం ముందు జోగక్క కూర్చుంది. ఎవరూ చెప్పలేదు, తనే వచ్చి కూర్చుంది.

"దక్షిణపు లంగరు ముందు చూడండి. కాదురా, నీ కుడివైపు కాదు, నా కుడివైపు. నేనెక్కడున్నానో మరిచిపోయావా? పైన! నీ నెత్తి మీద!"

భోజనమై రెండు గంటలైంది. చుక్క తీసే వేళ. నేను సూది, గొట్టం, దూది పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. పంచమి తర్వాత ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నిన్నటి చుక్కలు రహెలా మేడమే తీసింది.

"అక్కా," అన్నాను.

తల తిప్పలేదు. గొట్టంలో తాతబ్బాయి ఏదో అడుగుతున్నాడు, తాడు తెగిందో అరిగిందో తేల్చలేకపోతున్నాడు. "వేలితో నొక్కి చూడు. పోగులు విడిపోతే తెగినట్టు, నలిగితే అరిగినట్టు. తొందరపడకు, నేనిక్కడే ఉన్నా," అంటోంది జోగక్క. అంటూనే ఎడమ చెయ్యి వెనక్కి, నా వైపు చాపి, వేళ్లు విప్పింది.

నేను ఉంగరపు వేలు పట్టుకున్నాను.

"ఆ వేలు నిన్న అయింది," అంది, గొట్టం నుంచి నోరు తియ్యకుండానే. "పక్కది తీసుకో."

కింద తాతబ్బాయికి అర్థం కాలేదు. "ఏ వేలు మేస్త్రీ?" అన్నాడు.

"నీతో కాదులే, ఇక్కడ మా డాక్టరుతో," అంది జోగక్క.